దీపాలు పెట్టే వేళకు చూపు ఆగిపోయే పిల్లవాడు

నరసాపురం రేవులో పంటు ఎక్కి వశిష్ఠ గోదావరి దాటి, సఖినేటిపల్లిలో దిగి, కొబ్బరితోటల మధ్య రోడ్డు పట్టుకుంటే అంతర్వేది వస్తుంది. భీష్మ ఏకాదశి తీర్థానికి పిల్లల్ని భుజాన ఎక్కించుకుని వెళ్ళి రథం చూపించినవాళ్ళు మన తల్లిదండ్రుల్లో చాలామందే ఉంటారు. ఊరు దాటి నాలుగడుగులు వేస్తే గోదావరి సముద్రంలో కలిసే చోటు. అక్కడ స్నానం చేసి, తడి బట్టలతోనే లక్ష్మీనరసింహస్వామి గుడిలో పడుకుంటే, కలలో పువ్వో పండో బొమ్మో కనిపించిన ఆడవాళ్ళకు సంతానం కలుగుతుందని ఈ ప్రాంతంలో పాత నమ్మకం.

సుమారు నూటయాభై ఏళ్ళ కిందట పశ్చిమ గోదావరి వైపు నుంచి ఒక కుటుంబంలోని స్త్రీ ఇలాగే అంతర్వేది వెళ్ళి మొక్కుకున్నారు. ఆ తర్వాత ఆ ఇంట ఒక మగపిల్లవాడు పుట్టాడు. స్వామి ప్రసాదమని ఇంటివాళ్ళు నమ్మి ఆయన పేరే పెట్టుకున్నారు. ఆ పిల్లవాడు చిలకమర్తి లక్ష్మీనరసింహం.

పాత తరం వాళ్ళకు ఆ పేరు చెప్పగానే గయోపాఖ్యానం గుర్తొస్తుంది, గణపతి నవల గుర్తొస్తుంది. ఆకాశవాణిలో గణపతి నాటకం వింటూ పొట్ట చెక్కలయ్యేలా నవ్విన తాతయ్యలు, అమ్మమ్మలు ఇంకా మన ఇళ్ళలో ఉన్నారు. పిల్లల తెలుగు వాచకాల్లో కవి పరిచయం అన్న చిన్న పెట్టెలో నాలుగు వాక్యాల్లో ఆయన జీవితం ముగిసిపోతుంది. ఆ నాలుగు వాక్యాల్లో ఒక చోట ఆయన అంధుడని ఉంటుంది. ఈ నెల ఆ ఒక్క మాట దగ్గర కాసేపు ఆగుదాం. ఎందుకంటే ఆ చూపు ఒక్క రోజులో పోలేదు. బడికి వెళ్ళే వయసులోనే మొదలై, ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా పోయింది.

ఆయన 1867 సెప్టెంబరు 26న ఖండవల్లి గ్రామంలో పుట్టారు. తండ్రి వెంకన్న, తల్లి వెంకటరత్నమ్మ. కాపురం వీరవాసరంలో. చదువు వీరవాసరంలో మొదలై, నరసాపురం మీదుగా, చివరికి రాజమహేంద్రవరం చేరింది. నరసాపురంలో చదివే రోజుల్లో ఆ పిల్లవాడికి తన పేరు పెట్టిన స్వామి గుడి ఏటి అవతలే.

చిన్నప్పటి నుంచే ఆయనకు రేచీకటి. పగలు చూపు అంతంతమాత్రం, పొద్దుగూకితే అదీ లేదు. ఆ రోజుల ఇల్లు ఒకసారి ఊహించుకోండి. కరెంటు లేదు. ఆముదపు దీపమో కిరసనాయిలు బుడ్డో ఉంటే గొప్ప. మంచి చూపున్న పిల్లలే ఆ వెలుతురులో అక్షరాలు కూడబలుక్కునేవాళ్ళు. రేచీకటి ఉన్న పిల్లవాడికి ఆ దీపం ఎక్కడుందో మాత్రమే తెలుస్తుంది, దాని వెలుగులో ఏముందో తెలియదు. తెల్లారేదాకా పుస్తకం మూతపడినట్టే. కాబట్టి తోటి విద్యార్థులు పాఠం పైకి చదివేవారు, ఈయన వినేవారు. విన్నది మనసులో పెట్టుకునేవారు. మర్నాడు పంతులుగారు అడిగితే చెప్పేవారు.

ఇది చదివి జ్ఞాపకశక్తి గొప్పదని మురిసిపోవడం తేలిక. నాకు మాత్రం ఆ చదివిపెట్టిన పిల్లలు ముందు కనిపిస్తారు. తమ పాఠంతో పాటు ఇంకొకడి పాఠం కూడా రోజూ గొంతెత్తి చదవడానికి ఓపిక కావాలి. వాళ్ళలో చాలామంది పేర్లు ఎవరికీ తెలియవు. వాళ్ళు లేకపోతే ఆయన చదువు నరసాపురం దాటేదా అన్నది అనుమానమే.

ఇప్పుడు రేచీకటి సంగతి. కంటి వెనక గోడకు అంటుకుని రెటీనా అనే పలచని పొర ఉంటుంది. దాని మీద వెలుతురును పట్టే కణాలు రెండు రకాలు. ఒక రకం పట్టపగలు పనిచేస్తాయి, రంగులు చూపిస్తాయి, అక్షరాలు చదివిస్తాయి. ఇవి ఒక్కో కంట్లో అరవై లక్షల దాకా ఉంటాయి. రెండో రకం మసక వెలుతురులో పనిచేస్తాయి. ఇవి పన్నెండు కోట్లకు దగ్గరగా ఉంటాయి, ఎక్కువగా పక్కచూపు ఉండే భాగంలో పరుచుకుని ఉంటాయి. ఈ రెండో రకం కణాలు దెబ్బతింటే రాత్రి చూపు పోతుంది.

దెబ్బతినడానికి ముఖ్యమైన కారణాలు రెండు. మొదటిది విటమిన్ ఎ లోపం. ఇది తిండితో వచ్చేది, తిండితో, మందుతో పోయేది. మునగాకు, తోటకూర, బొప్పాయి, గుడ్డు పచ్చసొన, కాలేయం దీనికి మందులే. మన దేశంలో 1970 నుంచి చిన్న పిల్లలకు విటమిన్ ఎ ద్రావణం పోస్తున్నారు. తొమ్మిదో నెలలో తట్టు టీకాతో పాటు మొదటి మోతాదు, ఆ తర్వాత ఐదేళ్ళు వచ్చేదాకా ఆరు నెలలకోసారి. మీ ఇంట్లో ఐదేళ్ళ లోపు పిల్లలుంటే టీకాల కార్డు తీసి ఆ గడులు నిండాయో లేదో చూడండి. ఫీజు కట్టి చదివించే ఇళ్ళలో ఈ లోపం ఉండదనుకుంటాం గానీ, చిప్స్ ప్యాకెట్టు, నూడుల్స్ తప్ప ఆకుకూర ముట్టని పిల్లలు మన క్యాంటీన్‌లో రోజూ కనిపిస్తూనే ఉంటారు.

రెండో కారణం పుట్టుకతో జన్యువుల్లో వచ్చేది. దీన్ని డాక్టర్లు రెటినైటిస్ పిగ్మెంటోసా అంటారు. ప్రపంచంలో సుమారు నాలుగు వేల మందిలో ఒకరికి ఉంటుందని లెక్క. మేనరికాలు, దగ్గర సంబంధాలు ఎక్కువగా చేసుకునే చోట ఇంకా ఎక్కువ. ముందు రాత్రి చూపు పోతుంది. తర్వాత పక్కచూపు తగ్గుతూ వస్తుంది. సన్నని గొట్టంలోంచి చూస్తున్నట్టు ఎదురుగా ఉన్నది మాత్రం మిగులుతుంది. చాలా ఏళ్ళకు అదీ మసకబారుతుంది. చిలకమర్తి వారి జీవితంలో చూపు పోయిన వరస, చిన్నప్పుడు రేచీకటి, యౌవనంలో అరకొర చూపు, ఆ తర్వాత పూర్తి చీకటి, ఈ జబ్బునే గుర్తుకు తెస్తుంది.

కంటి లోపల చూసే పరికరం జర్మనీలో 1851లోనే వచ్చింది. మద్రాసులో కంటి ఆసుపత్రి 1819 నుంచీ ఉంది. కానీ వీరవాసరం నుంచి మద్రాసు అంటే ఆ రోజుల్లో కాశీ ప్రయాణంతో సమానం. వెళ్ళినా ఆ జబ్బుకు ఆనాడు మందు లేదు. ఈనాటికీ అందరికీ పనికొచ్చే మందు లేదు. ఒకే ఒక్క జన్యువు వల్ల వచ్చే రకానికి 2017లో అమెరికాలో జన్యు చికిత్సకు అనుమతి వచ్చింది. మిగతా రకాల మీద పరిశోధన సాగుతోంది. మధ్యలో ఆకుపసరు పోస్తాం, చూపు తెప్పిస్తాం అని బోర్డు పెట్టుకున్నవాళ్ళు మన ఊళ్ళలో ఉన్నారు. వాళ్ళ దగ్గరికి వెళ్ళి ఉన్న చూపు కూడా పోగొట్టుకోవద్దు.

చిలకమర్తి వారు రాజమహేంద్రవరం వచ్చేనాటికి ఆ ఊళ్ళో నాటకాల వేడి మొదలైంది. ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారు ఒక నాటక సమాజం నడుపుతున్నారు. ఆడటానికి తెలుగు నాటకాలు కావాలి. ఇరవై రెండేళ్ళ చిలకమర్తి రాయడం మొదలుపెట్టారు. 1889లో కీచకవధ. ఆ వెంటనే ద్రౌపదీ పరిణయం, శ్రీరామ జననం. 1890లో గయోపాఖ్యానం. గయుడనే గంధర్వుడు ఆకాశంలో వెళుతూ ఉమ్మితే అది కింద శ్రీకృష్ణుడి దోసిట్లో పడటం, కృష్ణుడు వాడిని చంపుతానని శపథం పట్టడం, ఆ సంగతి తెలియక అర్జునుడు వాడికి అభయం ఇవ్వడం, చివరికి బావా బావమరుదులు ఒకరి మీద ఒకరు యుద్ధానికి దిగడం కథ. ఈ నాటకం ఆడని ఊరు తెలుగు దేశంలో లేదన్నారు. లక్షకు పైగా ప్రతులు అమ్ముడుపోయాయని ప్రసిద్ధి. ఆ సమాజం నాటకాల్లో వేషాలు కట్టిన కుర్రవాళ్ళలో ఒకరు తర్వాత ఆంధ్రకేసరి అయిన టంగుటూరి ప్రకాశం.

ఒక్కటి గమనించండి. నాటకం రాత్రి ఆడేది. రాత్రి చూపు లేని మనిషి రాసిన నాటకాలు అవి. వేదిక మీద దీపాల వెలుగులో వేషాలు ఎలా ఉన్నాయో అందరూ చూశారు, రాసినాయనకు మాత్రం గొంతులే ఆధారం. గయోపాఖ్యానంలో మాటకు మాట తగిలే వాదనలు, పద్యం చెవిన పడగానే నోటికి వచ్చే తీరు చూస్తే, ఈ రచయిత చెవితోనే రాశాడని నాకు అనిపిస్తుంది.

నవలల పోటీలు మొదలైనప్పుడు అటు తిరిగారు. చింతామణి పత్రిక పెట్టిన పోటీలో 1894లో రామచంద్ర విజయానికి మొదటి బహుమతి వచ్చింది. తర్వాత హేమలత, అహల్యాబాయి వచ్చాయి. ఈ కాలంలోనే చూపు అడుగంటుతూ వచ్చింది. చివరికి తన చేత్తో కాగితం మీద రాసే రోజులు పోయాయి. ఆయన చెబుతుంటే మరొకరు రాసేవారు. పద్యం గానీ వచనం గానీ, ఇన్ని పుటలు మనసులోనే కూర్చుకుని, కొట్టివేతలు లేకుండా చెప్పుకుపోవడం ఎలా వచ్చిందని ఆశ్చర్యపోనక్కర్లేదు. నరసాపురంలో స్నేహితుడి గొంతులోంచి పాఠం పట్టుకున్న రోజు నుంచీ చేస్తున్న సాధనే అది. కాకపోతే అప్పుడు లోపలికి తీసుకునేవారు, ఇప్పుడు బయటికి ఇస్తున్నారు.

అందుకే ఆయన్ను ఆంధ్ర మిల్టన్ అన్నారు. ఇంగ్లండులో 1608లో పుట్టిన మిల్టన్ మహాకవి నలభై మూడో ఏట, 1652 నాటికి, పూర్తిగా అంధుడయ్యాడు. ప్యారడైజ్ లాస్ట్ అనే మహాకావ్యం ఇతరుల చేత రాయించాడు. ఈ పోలిక కవిత్వం కోసం చేసినా, కంటి వైద్యుల దృష్టిలో ఇద్దరిదీ ఒకే దారి కాకపోవచ్చు. మిల్టన్ తన స్నేహితుడికి రాసిన ఉత్తరంలో, మొదట ఎడమ కన్ను మసకబారిందనీ, దీపం చుట్టూ ఇంద్రధనుస్సు లాంటి వలయం కనిపించేదనీ వివరించాడు. అది చదివిన డాక్టర్లు కొందరు గ్లాకోమా అయి ఉంటుందన్నారు. వేరే జబ్బు అన్నవాళ్ళూ ఉన్నారు.

గ్లాకోమాను మన పెద్దలు నీటికాసులు అంటారు. ఈ జబ్బు గురించి ఇక్కడ చెప్పడానికి కారణం ఉంది. రేచీకటి పిల్లవాడి ఇంట్లో కనీసం సాయంత్రమైతే తడబడటం తెలుస్తుంది. నీటికాసులు ఉన్నవాళ్ళకు చాలాకాలం ఏమీ తెలియదు. కంట్లో ఊరే ద్రవం సరిగా బయటికి పోక ఒత్తిడి పెరుగుతుంది. కన్ను నుంచి మెదడుకు వెళ్ళే నరంలో పది లక్షలకు పైగా పోగులుంటాయి. ఆ ఒత్తిడికి అవి కొన్ని కొన్నిగా చచ్చిపోతాయి. చచ్చినవి మళ్ళీ రావు. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, అక్షరాలు బాగానే కనబడుతుంటాయి. పక్కచూపు తగ్గుతున్నా ఒక కన్ను లోటును రెండో కన్ను పూడ్చేస్తుంది. కొందరిలో మాత్రం ఒత్తిడి హఠాత్తుగా పెరిగి, తలనొప్పి, వాంతులు, దీపం చుట్టూ రంగుల వలయాలు వస్తాయి. అది ఆ రాత్రే ఆసుపత్రికి పరుగెత్తాల్సిన పరిస్థితి.

హైదరాబాదులో 1987లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ కంటి సంస్థ వాళ్ళు 1996 నుంచి 2000 దాకా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పదివేల మందికి పైగా కళ్ళు పరీక్షించారు. ఎంచుకున్న ప్రాంతాల్లో చిలకమర్తి వారి పశ్చిమ గోదావరి జిల్లా కూడా ఉంది. హైదరాబాదు నగరంలో నీటికాసులు సాధారణంగా వచ్చే రకం ఉన్నట్టు తేలినవాళ్ళలో పదిమందిలో తొమ్మిదిమందికి పైగా ఆ పరీక్ష జరిగేదాకా తమకు ఆ జబ్బు ఉన్నట్టే తెలియదు. ఆసుపత్రులు వీధికొకటి ఉన్న నగరం మాట ఇది.

శుక్లమైతే ఆపరేషన్ చేసి లెన్సు పెడితే చూపు తిరిగొస్తుంది. నీటికాసులలో పోయిన చూపు రాదు. రోజూ వేసుకునే చుక్కలతో, అవసరమైతే లేజరు, ఆపరేషన్లతో ఒత్తిడి తగ్గించి ఉన్నదాన్ని నిలుపుకోవాలి. అమ్మకో నాన్నకో అన్నదమ్ములకో ఉంటే మనకు వచ్చే అవకాశం కొన్ని రెట్లు ఎక్కువ. నలభై దాటిన తల్లిదండ్రులు కళ్ళద్దాల షాపులో నంబరు చూపించుకుని ఊరుకోకుండా, కంటి డాక్టరు దగ్గర ఒత్తిడి కొలిపించుకుని, నరం చూపించుకోవాలి. తాతగారికి నీటికాసులు ఉంటే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి. మన ఇళ్ళలో పెద్దవాళ్ళ జబ్బుల పేర్లు పిల్లలకు చెప్పే అలవాటు లేదు. కంటికి ఏదో అయింది, వయసు మీద పడింది అని సరిపెట్టేస్తాం.

పిల్లలకూ నీటికాసులు వస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో పుట్టే ప్రతి 3,300 మంది శిశువుల్లో ఒకరికి పుట్టుకతోనే ఉంటుందని లెక్కకట్టారు. పసిబిడ్డ కళ్ళు మరీ పెద్దవిగా ఉంటే చూసినవాళ్ళంతా ముద్దుచేస్తారు. ఆ పెద్ద కళ్ళతో పాటు ఎప్పుడూ నీళ్ళు కారడం, వెలుతురు చూస్తే ముఖం తిప్పుకోవడం, నల్లగుడ్డు మసకగా కనిపించడం ఉంటే ముద్దు కాదు, వెంటనే చూపించాలి. నెలల వయసులోనే ఆపరేషన్ చేస్తే చూపు దక్కుతుంది.

బడి పిల్లల్లో మరోటి ఉంది. దీని గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. వేసవిలో దుమ్ముకు, ఎండకు కళ్ళు దురదపెట్టి, ఎర్రబడి, పిల్లలు అదేపనిగా నలుపుతుంటారు. ఎవరో ఒకసారి రాసిచ్చిన స్టెరాయిడ్ చుక్కలు వేస్తే సాయంత్రానికి దురద మాయం. ఇక అక్కడి నుంచి ఆ సీసా ఖాళీ అయిన ప్రతిసారీ మెడికల్ షాపులో అదే పేరు చెప్పి తెచ్చుకోవడం, ఏళ్ళ తరబడి వేయడం. డెక్సామెథసోన్, బీటామెథసోన్ లాంటి పేర్లున్న చుక్కలు డాక్టరు చెప్పిన కాలం దాటి వేస్తే కొందరు పిల్లల్లో కంటి ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింటుంది. దురద తగ్గిందని అమ్మ సంతోషపడుతుంటుంది, లోపల చూపు పోతుంటుంది. ఇంట్లో ఫ్రిజ్‌లో ఉన్న చుక్కల సీసా మీద ఏముందో ఈరోజే చదవండి.

ఇంకో మాట. చూపు లోటు ఉన్న పిల్లలు తమంతట తాము చెప్పరు. దాచడం కాదు, అందరికీ ఇలాగే కనబడుతుందని వాళ్ళు అనుకుంటారు. పేరెంట్స్ మీటింగ్‌లో మేము తరచూ వినే ఫిర్యాదు, మా వాడు బోర్డు మీదిది సరిగా ఎక్కించుకోడు, అజాగ్రత్త అని. అది అజాగ్రత్త అయి ఉండొచ్చు. కానీ సినిమా హాల్లోకి వెళ్ళగానే సీటు వెతుక్కోలేకపోవడం, కరెంటు పోతే ఉన్నచోటే నిలబడిపోవడం, సాయంత్రం ఆటలో బంతి పట్టలేక మానేయడం, మెట్ల దగ్గర మీ చెయ్యి వెతుక్కోవడం, చీకటి పడ్డాక ట్యూషన్‌కు వెళ్ళనని మొండికేయడం కనిపిస్తే తిట్టడం ఆపి కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. క్లాస్ టీచరుకు కూడా ఒక చీటీ రాయండి.

మళ్ళీ చిలకమర్తి వారి దగ్గరికి వద్దాం. ఆయన వృత్తి మన వృత్తే, పంతులు పని. రాజమహేంద్రవరంలో ఇన్నీసుపేట పాఠశాలలో, మునిసిపల్ హైస్కూల్లో తెలుగు చెప్పారు. కందుకూరి వీరేశలింగం గారి స్థానంలో ప్రభుత్వ కళాశాలలో రెండున్నర నెలలు పనిచేశారు. వీరేశలింగం గారి సంస్కరణ మార్గమే ఈయనదీ. 1899లో సొంతంగా హిందూ లోయర్ సెకండరీ స్కూలు పెట్టారు. తొమ్మిదేళ్ళు నడిపారు. ఆ బడే తర్వాత వీరేశలింగం హైస్కూలు పేరుతో పెద్దదైంది. తరగతిలో ఎవరు అల్లరి చేస్తున్నారో కళ్ళతో చూడలేని పంతులుగారు బడి పెట్టి తొమ్మిదేళ్ళు నిలబెట్టడం చిన్న సంగతి కాదు. హాజరు పట్టీ నుంచి జీతాల లెక్క దాకా ప్రతిదానికీ ఇతరుల కళ్ళ మీద ఆధారపడాలి. ఆ ఇతరులను నమ్మాలి.

1909లో అప్పట్లో అంటరానివారుగా చూసిన కులాల పిల్లల కోసం రామమోహన పాఠశాల ప్రారంభించారు. ఊళ్ళో అగ్రహారీకులు దీన్ని ఎలా తీసుకుని ఉంటారో ఊహించుకోవచ్చు. మనోరమ పత్రిక, దేశమాత వారపత్రిక నడిపారు. పత్రిక అంటే రోజూ వచ్చే ఉత్తరాలు, ప్రూఫులు. అవన్నీ ఎవరో ఒకరు చదివి వినిపించాల్సిందే.

1907లో బిపిన్ చంద్రపాల్ రాజమహేంద్రవరం వచ్చినప్పుడు ఊరంతా కదిలింది. ఆయన ఇంగ్లీషు ఉపన్యాసాలను జనానికి తెలుగులో వినిపించినవారు చిలకమర్తి. మాట చెవిన పడుతుండగానే మనసులో తెలుగై బయటికి రావాలి. చేతిలో కాగితం ఉన్నా చదువుకోలేరు. ఆ సభల్లోనే ఆయన దేశాన్ని పాడి ఆవుతో, ప్రజలను ఆకలితో ఏడ్చే దూడలతో పోల్చి ఒక పద్యం చెప్పారు. ఆ పద్యం నోటి నుంచి నోటికి పాకి ఆంధ్రదేశమంతా వ్యాపించింది. ఆ రోజుల్లోనే రాజమహేంద్రవరం ట్రైనింగ్ కాలేజీ విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకున్నారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావును కాలేజీ నుంచి బహిష్కరించారు.

చూపు పోయిన మనిషి రచనలు దిగులుగా ఉంటాయనుకునేవాళ్ళు గణపతి చదవాలి. తిండి మీద తప్ప దేని మీదా ధ్యాస లేని ఒక సోమరి, చివరికి బడిపంతులై కూర్చోవడం ఆ నవల. మంచి పంతులుగా బతికిన మనిషి చెడ్డ పంతులు మీద ఇంత హాస్యం పండించడం వృత్తిలో ఉన్నవాళ్ళకు ఇంకా బాగా తెలుస్తుంది. మా స్టాఫ్ రూంలో ఆ పుస్తకం ఎవరో ఒకరి చేతిలో ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. సమాజంలోని చాదస్తాల మీద ఆయన రాసిన చిన్న చిన్న ప్రహసనాలు కూడా ఇలాంటివే. ఇంట్లో పిల్లలకు చదివి వినిపించడానికి బాగుంటాయి.

చదివి వినిపించడం అన్నాం గనుక ఒక సమాచారం. చూపు లోటు ఉన్న పిల్లలకు నరసాపురం స్నేహితులు చేసిన పని ఈనాడు చట్టం చేస్తోంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, లోటు నలభై శాతం, ఆపైన ఉన్నట్టు ధ్రువపత్రం ఉంటే పరీక్షల్లో రాసిపెట్టే సహాయకుణ్ణి తీసుకోవచ్చు, గంటకు కనీసం ఇరవై నిమిషాల చొప్పున అదనపు సమయం కూడా ఉంటుంది. ధ్రువపత్రం జిల్లా ఆసుపత్రి మెడికల్ బోర్డు ఇస్తుంది. పదో తరగతికి వచ్చాక పరుగులు పెట్టకుండా రెండేళ్ళు ముందే తీసుకోవడం మంచిది. మా పిల్లకు ఆ ముద్ర ఎందుకని వెనకాడే తల్లిదండ్రులు ఉన్నారు. వాళ్ళ బాధ అర్థమవుతుంది. కానీ ఆ కాగితం లేకపోతే పరీక్ష హాల్లో ఆ పిల్ల ఒంటరి.

చిలకమర్తి వారు ముసలితనంలో తన స్వీయచరిత్ర కూడా చెప్పి రాయించారు. అప్పటికి ఆయన చూపు పోయి దశాబ్దాలు. తాను చూసిన మనుషులు, ఊళ్ళు, బడులు, నాటకాలు, సభలు అన్నీ జ్ఞాపకం మీద ఆధారపడి చెప్పుకుంటూ పోయారు. పందొమ్మిదో శతాబ్దపు గోదావరి జిల్లా జీవితం గురించి తెలుసుకోవాలంటే ఈనాటికీ పరిశోధకులు ముందు తీసేది ఆ పుస్తకమే. 1943లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదు ఇచ్చింది. 1946 జూన్ 17న, డెబ్బై తొమ్మిదో ఏట, ఆయన కన్నుమూశారు. స్వాతంత్ర్యం రావడానికి అప్పటికి పద్నాలుగు నెలలు ఉంది.